ఆదివారం లెక్క: చర్చి వెబ్‌సైట్లలోకి 'ఫ్రీ' ఎనలిటిక్స్ ఎలా వచ్చింది?

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఒక చర్చి వెబ్‌సైట్‌లో ప్రేయర్ రిక్వెస్ట్ పేజీ తెరిచారనుకోండి. ఏమీ టైప్ చెయ్యలేదు, పేరు చెప్పలేదు. కాసేపు చూసి మూసేశారు. మీరు వచ్చి వెళ్లిన సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఈ ప్రశ్నకి 1996లో ఒక జవాబు ఉండేది. 2006 నాటికి అది మారిపోయింది. రెండుసార్లూ వాడిన టూల్ 'ఫ్రీ'నే. కానీ ఆ 'ఫ్రీ' అనే మాటకి అర్థం మారింది. ఆ మార్పు కథే ఈ ఎపిసోడ్.

ముందే ఒక మాట. ఇది మతం గురించిన ఎపిసోడ్ కాదు, లెక్కపెట్టడం గురించి. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి ఇటు వచ్చినవాణ్ణి కాబట్టి నా కళ్లు సర్వర్ మీదే ఉంటాయి. చర్చినే ఎందుకు తీసుకున్నానంటే, వచ్చినవాళ్లని లెక్కపెట్టే అలవాటు చర్చిలకి చాలా పాతది. బైబిల్లో ఒక పుస్తకం పేరే సంఖ్యాకాండము. దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టించి చిక్కుల్లో పడ్డ కథ కూడా అందులోనే వేరే చోట ఉంది. అంటే లెక్క అవసరమే, లెక్కతో ప్రమాదమూ ఉంది అనే మాట వాళ్లకి కొత్త కాదు.

1851: మొదటి 'యూనిక్ విజిటర్' తలనొప్పి

1851 మార్చి 30, ఆదివారం. ఇంగ్లండ్, వేల్స్‌లో జనాభా లెక్కలతో పాటు ప్రభుత్వం ఇంకో లెక్క కూడా తీసింది. ఆ ఒక్క రోజు ఏ చర్చికి, ఏ చాపెల్‌కి ఎంతమంది వచ్చారో ఫారం నింపి పంపమంది. పొద్దున ఎంతమంది, మధ్యాహ్నం ఎంతమంది, సాయంత్రం ఎంతమంది అని మూడు గడులు. ఈ పనికి బాధ్యుడు హొరేస్ మాన్ అనే లాయర్.

ఫారాలన్నీ కూడితే హాజరు సుమారు 1 కోటి 9 లక్షలు వచ్చింది. అప్పటి జనాభా సుమారు 1 కోటి 79 లక్షలు. చూడ్డానికి భలే నంబర్. కానీ పొద్దున వచ్చిన మనిషే సాయంత్రం కూడా వస్తే? ఒకే మనిషి రెండుసార్లు, మూడుసార్లు లెక్కలో పడ్డాడు. ఫారంలో పేర్లు లేవు కాబట్టి ఎవరు మళ్లీ వచ్చారో తెలిసే దారి లేదు.

మాన్ ఒక ఫార్ములా కట్టాడు. పొద్దున వచ్చినవాళ్లని పూర్తిగా తీసుకో, మధ్యాహ్నం వాళ్లలో సగం తీసుకో, సాయంత్రం వాళ్లలో మూడోవంతు తీసుకో. అలా చేస్తే సుమారు 72 లక్షల 60 వేల మంది తేలారు. మన డ్యాష్‌బోర్డ్ భాషలో చెప్పాలంటే కోటీ తొమ్మిది లక్షలు 'సెషన్స్', డెబ్బై రెండు లక్షల చిల్లర 'యూజర్స్'. ఈరోజు ఎనలిటిక్స్ టూల్ చేసే అంచనా పనినే ఆయన పెన్నుతో చేశాడన్నమాట.

ఇక్కడే గొడవ మొదలైంది. ఆంగ్లికన్ చర్చికి బయట ఉన్న మెథడిస్టులు, బాప్టిస్టుల లాంటివాళ్లకి సాయంత్రం ఆరాధనకే జనం ఎక్కువ. సాయంత్రాన్ని మూడోవంతుకి కోసేస్తే దెబ్బ ఎవరికి తగులుతుంది? వాళ్లకే. కోసినా కూడా వాళ్ల వాటా దాదాపు సగం దాకా వచ్చింది. అధికారిక చర్చికి అది మింగుడుపడలేదు. ఆ తర్వాత బ్రిటన్ జనాభా లెక్కల్లో ఆరాధనకి వచ్చినవాళ్లని ఇలా లెక్కపెట్టడం మళ్లీ జరగలేదు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. లెక్క పద్ధతి ఎవరు నిర్ణయిస్తారో, ఎవరు పెద్దగా కనబడాలో కూడా వాళ్లే తెలిసో తెలియకో నిర్ణయిస్తారు.

మన దగ్గర: ఒంగోలు, 1878

ఇలాంటి నంబర్ మన నేల మీద కూడా ఒకటుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్‌కి చెందిన జాన్ క్లౌ ఆధ్వర్యంలో జరిగింది. ఆ 2,222 అనే అంకె అమెరికా దాకా వెళ్లి మిషన్ చరిత్రలో స్థిరపడిపోయింది.

ఆ అంకె వెనకున్నది 1876-78 నాటి మహా కరువు. ఆ కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని, సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అందుకే తర్వాత ఒక్కసారిగా అంత పెద్ద అంకె కనబడింది. వచ్చినవాళ్లలో చాలామంది మాదిగలు. యెర్రగుంట్ల పేరయ్య లాంటి స్థానికులు అంతకు ముందు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగిన పని కూడా దాని వెనక ఉంది.

2,222 అని చదివితే కరువు కనబడదు, కాలువ కనబడదు, ఆపిన నెలలూ కనబడవు. విరాళాలు ఇచ్చేవాళ్లకి చేరింది మాత్రం ముందుగా అంకె. ఈ రెండు పాత లెక్కల్లో ఒక మంచి ఉంది, గుర్తుపెట్టుకోండి. లెక్కపెట్టింది ఆ చోట ఉన్న మనుషులు. రాసింది కాగితం మీద. ఆ కాగితం ఎక్కడికి వెళ్తుందో వాళ్లకి తెలుసు.

1995: లాగ్ ఫైలు రోజులు

ఇప్పుడు వెబ్‌లోకి వద్దాం. వాటికన్ వెబ్‌సైట్ 1995 క్రిస్మస్ నాడు మొదలైంది. సర్వర్లకి రఫాయేలు, మిఖాయేలు, గబ్రియేలు అని దేవదూతల పేర్లు పెట్టారు. ఆ రోజుల్లోనే చిన్నా పెద్దా చర్చిలు ఒక్కొక్కటిగా వెబ్‌లోకి వస్తున్నాయి. సైట్ పెట్టిన ప్రతివాడికీ వచ్చే ప్రశ్న ఒకటే: ఎవరైనా చూస్తున్నారా?

జవాబు సర్వర్‌లోనే ఉండేది. వెబ్ సర్వర్ పేజీ ఇచ్చిన ప్రతిసారీ ఒక టెక్స్ట్ ఫైలులో ఒక లైను రాసుకుంటుంది. ఏ ఐపీ అడ్రస్ నుంచి, ఎన్ని గంటలకి, ఏ పేజీ అడిగారు, ఏ బ్రౌజర్‌తో, ఏ లింకు పట్టుకుని వచ్చారు. దాన్నే యాక్సెస్ లాగ్ అంటాం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రాసే విజిటర్స్ రిజిస్టర్ లాంటిది. రిజిస్టర్ గేటు దగ్గరే ఉంటుంది, బయటికి పోదు.

1995లోనే కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో స్టీఫెన్ టర్నర్ 'అనలాగ్' అనే ఫ్రీ ప్రోగ్రామ్ రాశాడు. ఆ రిజిస్టర్ చదివి పట్టికలు వేస్తుంది. 1997లో బ్రాడ్‌ఫోర్డ్ బారెట్ 'వెబలైజర్' వచ్చింది. తర్వాత ఫ్రాన్స్ నుంచి లారెంట్ డెస్టైల్యూర్ 'ఏడబ్ల్యూస్టాట్స్' వచ్చింది. చవక హోస్టింగ్‌లో ఇచ్చే సీప్యానెల్‌లో ఈ మూడూ చేరిపోయాయి. అంటే ఏడాదికి కొంత కట్టి హోస్టింగ్ కొన్న చిన్న చర్చికి కూడా ఎనలిటిక్స్ విడిగా కొనే పని లేదు.

ఇక్కడ 'ఫ్రీ' అంటే ఏంటి? ప్రోగ్రామ్ నీ దగ్గరికి వచ్చి నీ మెషీన్‌లో నడుస్తుంది. డేటా కదలదు. మొదట్లో అడిగిన ప్రశ్నకి అప్పటి జవాబు ఇది: మీరు ప్రేయర్ పేజీ తెరిచిన సంగతి ఆ సర్వర్ నడిపేవాళ్లకి తెలుస్తుంది. ఎన్‌క్రిప్షన్ లేని సైట్లు కాబట్టి దారిలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీకి కూడా కనబడొచ్చు. అంతవరకే.

లోపాలు లేవా అంటే బోలెడు. ఒక పేజీలో పది ఫొటోలుంటే పదకొండు 'హిట్స్' పడేవి. 'మా సైట్‌కి లక్ష హిట్స్' అని గొప్పలు చెప్పుకున్నది ఆ పుణ్యమే. సెర్చ్ ఇంజన్ బాట్లు కూడా మనుషుల్లాగే లెక్కలో పడేవి. ఒకే ఐపీ వెనక ఆఫీసు మొత్తం ఉంటే అందరూ ఒక్కరే. మాన్ పడ్డ తలనొప్పే, కాకపోతే ఈసారి కంప్యూటర్‌కి వచ్చింది.

2005: లెక్క ఇల్లు దాటింది

అమెరికాలో శాన్ డియాగోలో అర్చిన్ అనే చిన్న కంపెనీ ఉండేది. వాళ్లదీ మొదట లాగ్ చదివే సాఫ్ట్‌వేరే. 2005లో గూగుల్ దాన్ని కొంది. అప్పటిదాకా నెలకి వందల డాలర్లు పలికిన హోస్టెడ్ సర్వీస్‌ని 2005 నవంబర్ 14న 'గూగుల్ ఎనలిటిక్స్' పేరుతో ఫ్రీగా ఇచ్చేసింది. జనం ఎంతగా ఎగబడ్డారంటే, దాదాపు వారానికే కొత్త సైన్అప్‌లు ఆపేయాల్సి వచ్చింది. అందరికీ మళ్లీ తలుపులు తెరిచింది 2006 ఆగస్టులో.

మీ వాట్సాప్‌కి వచ్చే లింకుల చివర 'యూటీఎం' అని ఒక తోక ఉంటుంది, చూశారా? అందులో 'యూ' అంటే అర్చినే. కంపెనీ పోయి ఇరవై ఏళ్లు అవుతున్నా పేరు మాత్రం మన లింకుల్లో బతికే ఉంది.

టెక్నికల్‌గా జరిగిన మార్పు చిన్నది. లాగ్ చదవడం పోయి, పేజీలో నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ పెట్టడం వచ్చింది. పేజీ తెరవగానే మీ ఫోనే నేరుగా గూగుల్ సర్వర్‌కి కబురు పంపుతుంది: ఈ అడ్రస్, ఈ టైటిల్ ఉన్న పేజీ తెరిచారు, ఇక్కడి నుంచి వచ్చారు, స్క్రీన్ సైజ్ ఇంత, భాష ఇది. మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి కుకీలో ఒక నంబర్. మాన్‌కి దొరకని జవాబు, అంటే ఇది అదే మనిషా కాదా అన్నది, కుకీతో చాలావరకు దొరికింది.

చిన్న మార్పే, కానీ రిజిస్టర్ గేటు దగ్గర లేదు. వేరే ఊళ్లో, వేరేవాళ్ల బీరువాలో ఉంది. ఇక్కడ 'ఫ్రీ' అంటే ప్రోగ్రామ్ నీ దగ్గరికి రాదు, నీ డేటా దాని దగ్గరికి వెళ్తుంది. మొదట్లో నెలకి 50 లక్షల పేజీ వ్యూస్ దాకానే ఫ్రీ, యాడ్‌వర్డ్స్‌లో ప్రకటనలు ఇచ్చేవాళ్లకి ఆ పరిమితి లేదు. ఆ ఒక్క రూల్ చూస్తే చాలు, టూల్ ఎవరి కోసం కట్టారో అర్థమవుతుంది. ప్రకటనదారుల కోసం. చర్చి అందులో ఎక్కిన పాసింజర్ మాత్రమే.

మరి చర్చిలు ఎందుకు ఎగబడ్డాయి? వాళ్లని తప్పుపట్టడం తేలిక, కానీ ఆ కుర్చీలో కూర్చుని చూడండి. సైట్ చూసేది ఒక వాలంటీర్. ఉద్యోగం అయ్యాక రాత్రి గంటసేపు కూర్చుంటాడు. లాగ్ ఫైలు అంటే సర్వర్‌లోకి దిగాలి. ట్యాగ్ అంటే కాపీ, పేస్ట్. పైగా రంగురంగుల మ్యాపు, ఏ దేశం నుంచి ఎంతమంది అని. కమిటీకి చూపిస్తే ముచ్చటపడతారు.

దానికి తోడు గ్రాంట్లు. అర్హత ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకి గూగుల్ 2003 నుంచి 'యాడ్ గ్రాంట్స్' పేరుతో ఫ్రీ సెర్చ్ ప్రకటనలు ఇస్తోంది. నెలకి 10,000 డాలర్ల విలువ దాకా. అమెరికాలో చాలా మినిస్ట్రీలు వాడుకున్నాయి. 2018 నుంచి నిబంధనలు బిగించారు: క్లిక్ రేటు 5 శాతం ఉండాలి, 'కన్వర్షన్ ట్రాకింగ్' పెట్టాలి. చర్చివాళ్ల చెవికి కన్వర్షన్ అంటే మారుమనస్సు. ఎనలిటిక్స్‌లో కన్వర్షన్ అంటే ఫారం నింపి బటన్ నొక్కడం. ఒకే మాట, రెండు లోకాలు. రిపోర్టులో మాత్రం రెండోదే కనబడుతుంది.

కాలి దెబ్బ కేసు

ఇంతకీ ఒక పేజీ చూస్తే కొంప మునిగిందా అని మీకు అనిపించొచ్చు. దీనికి జవాబు స్వీడన్‌లో ఒక చర్చి వెబ్‌సైట్ దగ్గర దొరుకుతుంది.

1998లో అక్కడ ఒక పారిష్‌లో పనిచేసే ఆవిడ, పిల్లల క్లాసులకి ఉపయోగపడుతుందని ఇంట్లో కూర్చుని కొన్ని వెబ్ పేజీలు చేసింది. తోటివాళ్ల గురించి సరదాగా రాసింది. ఒకామె కాలికి దెబ్బ తగిలి సగం రోజు సెలవులో ఉందని కూడా రాసింది. ఎవరినీ అడగలేదు. ఇబ్బంది అని తెలియగానే తీసేసింది. అయినా కేసైంది, జరిమానా పడింది, చివరికి యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ దాకా వెళ్లింది. 2003 నవంబర్ 6న కోర్టు చెప్పింది ఏంటంటే, వెబ్ పేజీలో మనిషి వివరాలు పెట్టడం డేటా ప్రాసెసింగే, కాలి దెబ్బ అన్నది ఆరోగ్య సమాచారమే.

వెబ్ మీద ప్రైవసీకి పునాది లాంటి తీర్పుల్లో ఒకటి ఒక పారిష్ పేజీ నుంచి పుట్టింది. ఎందుకంటే చర్చిలో మామూలుగా నడిచే మాటలే అవి. ఎవరికి బాగాలేదు, ఎవరింట్లో గొడవ, ఎవరికి ఉద్యోగం పోయింది. లోపల అది ఆప్యాయత. బయటికి పోతే అదే సున్నితమైన డేటా.

2018 మే 25న అమల్లోకి వచ్చిన యూరప్ చట్టం జీడీపీఆర్ మత విశ్వాసాన్ని, ఆరోగ్యాన్ని ప్రత్యేక కేటగిరీలో పెట్టింది. 2022 మొదట్లో ఆస్ట్రియా, ఫ్రాన్స్ నియంత్రణ సంస్థలు వాటి ముందుకొచ్చిన కేసుల్లో, గూగుల్ ఎనలిటిక్స్ ద్వారా డేటా అమెరికాకి వెళ్లడం చట్టానికి విరుద్ధం అన్నాయి. 2023 జూలైలో యూరప్-అమెరికా కొత్త ఏర్పాటు వచ్చాక ఆ పీటముడి కొంత సడలింది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. మత విశ్వాసాన్ని బట్టి పర్సనలైజ్డ్ యాడ్స్ టార్గెట్ చెయ్యకూడదని గూగుల్ పాలసీలో ఉంది. పేరు, ఈమెయిల్ లాంటివి ఎనలిటిక్స్‌లోకి పంపొద్దని కూడా ఉంది. కానీ ఆ రెండోది పాటించాల్సింది మన వాలంటీరే. ప్రేయర్ ఫారం 'గెట్' పద్ధతిలో పెడితే మీరు టైప్ చేసిన పేరు, సమస్య పేజీ అడ్రస్‌లోకి ఎక్కేస్తాయి. ట్యాగ్ ఆ అడ్రస్‌నే పంపుతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అయినా ఒకరి కష్టం బయటికి వెళ్లిపోయింది.

2024: చెరిగిపోయిన రిజిస్టర్

2012లో వచ్చిన 'యూనివర్సల్ ఎనలిటిక్స్' వెర్షన్ మామూలు సైట్లకి 2023 జూలై 1న లెక్క ఆపేసింది. దాని స్థానంలో వచ్చిన జీఏ4కి పాత డేటా బదిలీ కాలేదు. ఒక ఏడాది గడువిచ్చి, 2024 జూలై నుంచి పాత డేటా తీసేశారు. డౌన్‌లోడ్ చేసుకోనివాళ్లకి పదేళ్ల లెక్క పోయింది.

ఆలోచించండి. 1851 ఆదివారం ఫారాలు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఏ పల్లె చాపెల్‌లో సాయంత్రం ఎంతమంది కూర్చున్నారో ఈరోజు వెళ్లి చదవొచ్చు. కోవిడ్ రోజుల్లో, 2020 ఈస్టర్‌కి గేట్లు మూసి ఉన్నప్పుడు ఎంతమంది చర్చి సైట్ తెరిచారు? చాలాచోట్ల ఆ లెక్క ఇక లేదు. రిజిస్టర్ నీ దగ్గర లేకపోతే అది ఎన్నాళ్లుండాలో నిర్ణయించేది నువ్వు కాదు. నా దృష్టిలో 'ఫ్రీ'కి కట్టిన అసలు ధర ఇదే. వచ్చినవాళ్ల గుట్టు ఒకటి, చర్చి జ్ఞాపకం ఒకటి. రెండూ చేతులు మారాయి.

మరి ఇప్పుడేం చెయ్యాలి?

పాత 'ఫ్రీ' చచ్చిపోలేదు. 2007లో మాథ్యూ ఆబ్రీ 'పివిక్' అనే ఓపెన్ సోర్స్ టూల్ మొదలుపెట్టాడు. 2018లో దాని పేరు 'మటోమో' అయింది. మీ సర్వర్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. 'ఉమామి', 'ప్లాసిబుల్' కమ్యూనిటీ ఎడిషన్ ఇంకా తేలిక, కుకీలు లేకుండా నడుస్తాయి. లాగ్ మాత్రమే చాలనుకుంటే 'గోయాక్సెస్' ఉంది. కానీ అప్‌డేట్లు, బ్యాకప్ మీ పనే. డబ్బు ఉండదు, చాకిరీ ఉంటుంది.

మీరు ఏదైనా మినిస్ట్రీ సైట్ చూసుకుంటుంటే ఐదు పనులు చెప్తాను.

ఒకటి, ముందు సీప్యానెల్ తెరిచి చూడండి. ఏడబ్ల్యూస్టాట్స్ అక్కడే ఉండొచ్చు. చిన్న సైట్‌కి అది చాలు. కాకపోతే మన మొబైల్ నెట్‌వర్క్‌లలో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు కాబట్టి 'విజిటర్స్' అంకెని వేదవాక్కు అనుకోవద్దు.

రెండు, ప్రేయర్ రిక్వెస్ట్, కౌన్సెలింగ్ పేజీల్లో ఏ ట్యాగూ పెట్టొద్దు. ఆ పేజీకి ఎంతమంది వచ్చారో తెలియకపోతే నష్టం లేదు.

మూడు, ఫారాలు 'పోస్ట్' పద్ధతిలోనే ఉండాలి.

నాలుగు, యూట్యూబ్ వీడియో సైట్‌లో పెడితే ప్రైవసీ ఎన్‌హాన్స్‌డ్ మోడ్ వాడండి. మన తెలుగు చర్చిల్లో చాలావాటికి యూట్యూబ్ లైవే ప్రాణం కాబట్టి ఇది మర్చిపోవద్దు.

ఐదు, ఏడాదికోసారి లెక్కలు డౌన్‌లోడ్ చేసి, ఒక పేజీ ప్రింట్ తీసి, ఆ ఏడాది ఏం జరిగిందో కింద నాలుగు లైన్లు రాసి ఫైల్‌లో పెట్టండి. 2,222 పక్కన కరువు అని రాసిపెట్టాలి కదా, అలాగ.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. 2019లో మన పార్లమెంటుకి వచ్చిన డేటా బిల్లులో మత విశ్వాసం 'సున్నితమైన' డేటాగా ఉండేది. 2023లో చట్టమైన డీపీడీపీలో ఆ ప్రత్యేక కేటగిరీయే లేదు. అంటే ఇక్కడ ఆ జాగ్రత్త ఎక్కువగా సైట్ నడిపేవాళ్ల మనస్సాక్షి మీదే ఆధారపడి ఉంది.

ఇదంతా గుడి ట్రస్టు సైట్‌కి, దర్గా కమిటీ సైట్‌కి, గురుద్వారా సైట్‌కి కూడా అంతే వర్తిస్తుంది. మీరు అలాంటి సైట్ ఏదైనా నడుపుతుంటే ఇవాళ ఒక్క పని చెయ్యండి. పేజీ సోర్స్ తెరిచి, ఎన్ని బయటి ట్యాగ్‌లున్నాయో లెక్కపెట్టండి. వాటిలో ఎన్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మీకు తెలుసో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మటోమో ఇన్‌స్టాలేషన్ మొదటి నుంచి చివరిదాకా కలిసి చేద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి, బై.